ఫెస్ పాతబస్తీలో పిల్లలతో: సందుల లెక్క తెలిసి నడవడం ఎలా

మొరాకోలోని ఫెస్ నగరంలో పాతబస్తీ పేరు ఫెస్ ఎల్ బాలి. లోపలికి కార్లు రావు. సందులు వేలల్లో ఉంటాయి. కొన్నింట్లో ఇద్దరు పక్కపక్కన నడవలేరు. రెండు వైపులా ఎత్తైన గోడలు ఉండటంతో ఫోన్ మ్యాపులో మన చుక్క ఒక వీధి నుంచి ఇంకో వీధికి గెంతుతూ ఉంటుంది. పిల్లలున్న చాలామంది "అంత ఇరుకులో పిల్లల్ని వేసుకుని ఎక్కడ తిరుగుతాం" అని దీన్ని పక్కన పెట్టేస్తారు. అలా వదులుకోవాల్సిన ఊరు కాదిది. చిక్కుముడిలా కనిపించినా దీనికో పద్ధతి ఉంది. నేల వాలు, నీటి దారి, పేటల అమరిక తెలిస్తే ఏడెనిమిదేళ్ల పిల్లలు కూడా ఇక్కడ దారి పట్టగలరు. తెలియకుండా దిగితే మాత్రం రెండు గంటల్లో ఇంటిల్లిపాదికీ ఓపిక అయిపోతుంది.

ముందు వాలు సంగతి. ఈ ఊరు మొదట రెండు ఊళ్లు. 789 ప్రాంతంలో మొదటి ఇద్రీస్ అనే రాజు నదికి తూర్పు ఒడ్డున ఒక ఊరు కట్టించాడు. ఇరవై ఏళ్ల తర్వాత ఆయన కొడుకు రెండో ఇద్రీస్ పడమటి ఒడ్డున ఇంకొకటి మొదలుపెట్టాడు. స్పెయిన్‌లోని కార్డోబా నుంచి వెళ్లగొట్టబడినవాళ్లు వచ్చి తూర్పు ఒడ్డున స్థిరపడ్డారు. ట్యునీసియాలోని కైరవాన్ నుంచి వచ్చిన కుటుంబాలు పడమటి ఒడ్డున చేరాయి. అందుకే ఆ రెండు భాగాలను ఇవాళ్టికీ అందలూసీల పేట, ఖరవియ్యీన్ పేట అంటారు. ఎవరి గోడ వాళ్లదిగా ఉన్న ఈ రెంటినీ 11వ శతాబ్దంలో అల్మొరావిద్ వంశపు రాజులు కలిపి ఒకే నగరం చేశారు. 1912లో ఫ్రెంచి పాలన వచ్చాక కొత్త పట్టణాన్ని దూరంగా, వేరుగా కట్టారు. పాతదాని జోలికి పెద్దగా పోలేదు. వీధులు వెడల్పు చేయకపోవడానికి, కార్లు రాకపోవడానికి అదో ముఖ్య కారణం. 1981లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది.

నడిచేవాళ్లకు ఇందులో పనికొచ్చే సంగతి ఏమిటంటే, నది అడుగున ఉంది, రెండు ఒడ్లూ దానివైపు వాలి ఉన్నాయి. పడమటి చివర ఎత్తు మీద బాబ్ బూ జలూద్ అనే ద్వారం ఉంది. అక్కడి నుంచి తలా కబీరా, తలా స్గీరా అనే రెండు పెద్ద వీధులు దాదాపు జంటగా కిందికి దిగుతాయి. అడుగున నది పక్కన ర్సీఫ్ చౌక్ ఉంది. అక్కడ నది మీద కప్పు వేసి రోడ్డు కట్టారు కాబట్టి టాక్సీలు అక్కడిదాకా వస్తాయి. పిల్లలకు చెప్పాల్సిన మొదటి సూత్రం ఇదే: పడమటి ఒడ్డున దారి తెలియకపోతే పల్లానికి నడిస్తే నది దగ్గరికి, మెరక ఎక్కితే బూ జలూద్ వైపుకి చేరతాం. నది దాటి అందలూసీల పేటలోకి వెళ్లాక మాత్రం మెరక ఎక్కితే వేరే ద్వారాలు వస్తాయి. చాలామంది తికమకపడేది అక్కడే.

ఆ ద్వారం కూడా పిల్లలకు ఒక గుర్తు. 1913లో కట్టిన బాబ్ బూ జలూద్‌కి బయటి వైపు నీలం పెంకులు, లోపలి వైపు ఆకుపచ్చ పెంకులు ఉంటాయి. నీలం కనిపిస్తే బయట ఉన్నాం, పచ్చ కనిపిస్తే లోపల ఉన్నాం. నాలుగేళ్ల పిల్లకి కూడా అర్థమయ్యే దిక్సూచి.

ఇక పేటల అమరిక. ప్రతి పేటనీ అక్కడ హౌమా అంటారు. ఒక్కో హౌమాకి అయిదు ఉమ్మడి వసతులు ఉండటం ఆనవాయితీ: మసీదు, నీటి కొళాయి గట్టు, హమ్మాం అనే స్నానశాల, రొట్టెల పొయ్యి, చిన్నపిల్లల ఖురాన్ బడి. పెద్ద వీధి నుంచి చీలే సందుల్లో కొన్ని ఇంకో వీధికి కలుస్తాయి. దర్బ్ అనేవి ఎక్కువగా ఆగిపోయే సందులు. నాలుగైదు ఇళ్లకు దారి ఇవ్వడమే వాటి పని. పైకి గోడ తప్ప ఏమీ కనిపించదు. లోపల మన మండువా లోగిలిలాగే నడిమిన ఆకాశం కనిపించే వాకిలి, దాని చుట్టూ గదులు. వెలుతురూ గాలీ అక్కడి నుంచే వస్తాయి కాబట్టి వీధి గోడకు కిటికీల అవసరం లేదు. ఇది తెలిశాక ఆగిపోయే సందులోకి వెళ్లడం దారి తప్పడంగా అనిపించదు. అది ఎవరి వాకిలో అని అర్థమై వెనక్కి తిరుగుతారు. పిల్లలకు కూడా "అక్కడ కేకలు వేయకూడదు, ఇళ్ల ముందున్నాం" అని చెప్పడం తేలిక.

ఈ అయిదింటినీ వెతకడం పిల్లలకు మంచి పని. రొట్టెల పొయ్యి దొరకడం అన్నిటికంటే సులువు. ఇళ్లలో పిండి కలిపి, గుండ్రంగా చేసి, చెక్క పలక మీద గుడ్డ కప్పి పిల్లల చేత పంపుతారు. పొయ్యివాడు పొడుగాటి చెక్క తెడ్డుతో లోపలికి తోసి, కాలాక తీస్తాడు. ఎవరి రొట్టె ఎవరిదో ఆయనకు గుర్తే. వాకిట్లో నిలబడి సలాం చెప్పి, చూడొచ్చా అని సైగ చేస్తే చాలాచోట్ల రమ్మంటారు. వెళ్లేటప్పుడు నాలుగు దిర్హాములు (మొరాకో డబ్బు) చేతిలో పెట్టడం మర్యాద. కొళాయి గట్టులను అక్కడ సెఖ్ఖాయా అంటారు. రంగుపెంకులతో అందంగా ఉంటాయి. పిల్లలు వాటి దగ్గర చేతులు కడుక్కోవచ్చు. తాగడానికి మాత్రం సీసా నీళ్లే.

దిగడమే, ఎక్కడం వద్దు

పిల్లలతో వెళ్లేవాళ్ల ప్రయాణాన్ని ఎక్కువగా పాడుచేసేది ఒకటే: బూ జలూద్ దగ్గర మొదలుపెట్టి, కిందికి దిగి, మళ్లీ అదే దారిన పైకి ఎక్కడం. దిగేటప్పుడు ఉత్సాహంగా ఉన్న పిల్లలు ఎండలో, ఆకలితో, రద్దీలో మెరక ఎక్కలేరు. పైన మొదలుపెట్టి కింద ర్సీఫ్ దగ్గర ముగించి టాక్సీ ఎక్కేయాలి. ఫెస్‌లో చిన్న టాక్సీలు ఎర్రగా ఉంటాయి. వాటిలో ముగ్గురినే ఎక్కించుకుంటారు, ఒళ్లో పిల్లాడినీ లెక్కేస్తారు. నలుగురు ఉంటే రెండు టాక్సీలు పట్టాలి, ఒక్కో దాంట్లో ఒక పెద్దవాళ్లు ఉండేలా ముందే అనుకోవాలి. మీటరు వేయమని ఎక్కేటప్పుడే చెప్పండి. రాత్రిపూట మీటరు మీద సగం అదనం ఉంటుంది, అది మోసం కాదు.

బూ జలూద్ నుంచి కింది ర్సీఫ్ దాకా ఆగకుండా నడిస్తే అరగంట లోపే. పిల్లలతో మూడు గంటలు పెట్టుకోండి. ఉదయం తొమ్మిదికి బయల్దేరితే దుకాణాలు అప్పుడప్పుడే తెరుస్తుంటారు, రద్దీ ఉండదు.

ద్వారం దాటి తలా కబీరాలోకి తిరగ్గానే బూ ఇనానియా మదరసా వస్తుంది. మరీనిద్ వంశపు సుల్తాన్ అబూ ఇనాన్ దీన్ని 1351 నుంచి 1356 వరకూ కట్టించాడు. మొరాకోలో చాలా మసీదుల్లోకి ముస్లిమేతరులకు ప్రవేశం లేదు, ఇక్కడ మాత్రం టికెట్టు తీసుకుని నడవాలోకి వెళ్లొచ్చు. నమాజు వేళల్లో ఆపుతారు. గోడ కింది భాగమంతా రంగుపెంకులు, నడుమ చెక్కిన సున్నపు పని, పైన దేవదారు చెక్క. పిల్లల కళ్ల ఎత్తులో ఉండేవి పెంకులే. ఒక్కో ముక్కనీ ఉలిలాంటి పదునైన సుత్తితో చేత్తో కోస్తారు. తర్వాత ముక్కలన్నిటినీ బోర్లా, అంటే రంగు కిందికి ఉండేలా నేల మీద పేర్చి, వెనక గచ్చు పోస్తారు. పేర్చేవాడికి రంగు కనిపించదు. నమూనా అంతా ఆయన తలలోనే ఉంటుంది. ఎనిమిది కోణాల నక్షత్రం ఒకటి చూపించి, దాని నుంచి బయల్దేరిన గీత ఎక్కడిదాకా పోతుందో వేలితో గాల్లో గీయమంటే పదేళ్ల పిల్లలు పావుగంట కదలరు.

మదరసాకి ఎదురుగా వీధి గోడ మీద తల ఎత్తితే దార్ అల్ మగానా కనిపిస్తుంది. 1357 నాటి నీటి గడియారం. వరసగా పన్నెండు కిటికీలు, వాటి కింద పొడుచుకొచ్చిన చెక్క దూలాలు. గంట గంటకూ ఒక గుండు ఇత్తడి గిన్నెలో పడి మోగేదని చెబుతారు. లోపలి యంత్రం ఎలా పనిచేసిందో కచ్చితంగా తెలిపే ఆధారం మిగల్లేదు. అది పిల్లలకు కొరత కాదు, వాళ్ల చేతికి దొరికిన లెక్క. నీటిమట్టం నెమ్మదిగా తగ్గితే తేలే వస్తువు దిగుతుంది, అది తాడును లాగుతుంది, మరి గుండు ఒక్కటే ఎలా పడుతుంది? మధ్యాహ్నం దాకా వాళ్లే వాదించుకుంటారు.

అక్కడి నుంచి కిందికి నడుస్తుంటే బరువులు మోసుకుని వచ్చే గాడిదలు, కంచరగాడిదలు ఎదురవుతాయి. ఇక్కడ లారీలూ ఆటోలూ అవే. గ్యాస్ బండలు, తోళ్లు, సిమెంటు బస్తాలు అన్నీ వాటి మీదే. వెనక నుంచి "బాలక్!" అని కేక వినిపిస్తే తప్పుకోమని అర్థం. మోత జంతువు కంటే రెండు పక్కలా వెడల్పు ఉంటుంది, అసలు ప్రమాదం అదే. గిట్టల కింద పడటం కంటే బండ అంచు పిల్లల తలకు తగలడం ఎక్కువ. కేక వినగానే గోడకు వీపు ఆనించి, వీలైతే ఏదో దుకాణం గుమ్మంలోకి జరగడం ఇంట్లోనే ఒకసారి ఆడించి నేర్పండి. మలుపు దగ్గర ఆగకూడదు, జంతువు అక్కడ తిరగాలి. నడిచేటప్పుడు పిల్లలు గోడ వైపు, పెద్దవాళ్లు వీధి వైపు. చంటిపిల్లల తోపుడుబండి ఇక్కడికి తేవద్దు. మెట్లు, అరిగిన రాళ్లు, వాలు, అన్నీ దానికి అడ్డమే. ఒంటికి కట్టుకునే సంచీ వాడండి, అదీ ముందు వైపు. వీపున వేసుకుంటే బిడ్డ తల పక్కనుంచి ఏ మోత రాసుకుపోతోందో మీకు కనిపించదు.

దిగువన నజ్జారీన్ చౌక్ దగ్గర కాసేపు ఆగడానికి మంచి చోటు ఉంది. 18వ శతాబ్దపు సత్రం ఇప్పుడు చెక్కపనుల మ్యూజియం. వ్యాపారుల సరుకూ జంతువులూ కింద, మనుషులు పై అంతస్తుల్లో ఉండేవాళ్లు. ఇలాంటి చోట మరుగుదొడ్డి కనిపిస్తే అవసరం ఉన్నా లేకున్నా అందరినీ పంపేయండి. లోపలి వీధుల్లో మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేం. టిష్యూ కాగితం, ఒకటి రెండు దిర్హాముల చిల్లర జేబులో ఉండాలి.

పక్కనే రెండో ఇద్రీస్ సమాధి మందిరం. దానికి వెళ్లే సందుల్లో వీధికి అడ్డంగా ఒక చెక్క దూలం ఉంటుంది. జంతువులు పవిత్ర ఆవరణలోకి రాకుండా పెట్టింది. పెద్దవాళ్లు వంగాలి, పిల్లలు నిటారుగా నడిచిపోతారు. ఆ పక్క మలుపులో గోరింటాకు అంగడి, దాన్ని ఆనుకుని సీదీ ఫ్రెజ్ మారిస్తాన్ స్థలం. 1286లో కట్టిన ఆసుపత్రి, మానసిక రోగులను చూసిన చోటు. 20వ శతాబ్దం నడుమ దాకా నడిచింది.

ఈ అంగట్లో మన తెలుగు తల్లులకు ఒక జాగ్రత్త చెప్పాలి. మనకు బిడ్డకు కాటుక పెట్టే అలవాటుంది. ఇక్కడ అమ్మే కోహ్ల్ చాలావరకు సీసం ఉన్న రాతిపొడి. పిల్లల కళ్లకు వద్దే వద్దు. గోరింటాకు ఎర్రగా పండేదైతే ఫర్వాలేదు. వీధిలో గబగబా పెట్టే నల్ల గోరింటాకులో తలరంగు రసాయనం కలుపుతారు, దానికి పిల్లల చర్మం బొబ్బలెక్కుతుంది, మచ్చ నెలల తరబడి ఉండొచ్చు. మెరిసే పూత ఉన్న మట్టి గిన్నెలు గోడకు బాగుంటాయి. పూతలో సీసం ఉండొచ్చు కాబట్టి వాటిలో పులుసూ పెరుగూ పోయకండి.

చువారా తోళ్ల తొట్లు

చువారా అంటే తోళ్లు పదును చేసే చోటు. అందరూ చూడాలనుకునేది ఇదే, పిల్లలు ఎక్కువ ఇబ్బంది పడేదీ ఇక్కడే. కాబట్టి లోపల జరిగేదేమిటో ముందే చెప్పి తీసుకెళ్లాలి. తెల్లగా కనిపించే తొట్లలో సున్నం ఉంటుంది. పచ్చితోళ్లను కొన్ని రోజులు అందులో నానబెడితే వెంట్రుకలు వదులవుతాయి, తర్వాత గీకేస్తారు. అప్పుడు పావురాల రెట్ట కలిపిన నీళ్లలోకి మారుస్తారు. సున్నంతో బిరుసెక్కిన తోలు అందులో మెత్తబడుతుంది. మనుషులు తొట్లోకి దిగి కాళ్లతో తొక్కుతారు. ఆ తర్వాతే గోధుమ, ఎరుపు రంగుల తొట్లు. మన వైపు తంగేడు చెక్కతో తోళ్లు పదును చేసినవాళ్లకూ సున్నపు తొట్టి తెలిసిందే. రంగులన్నీ పువ్వులూ ఆకులేనని దుకాణదారులు చెబుతారు గానీ ఇప్పుడు రసాయన రంగులూ వాడుతున్నారు.

ముక్కుకు గుచ్చుకునే వాసన ఎక్కువగా ఆ రెట్టలోని అమోనియాది. ఎండ ముదిరేకొద్దీ పెరుగుతుంది. పదకొండు లోపే చూసేయాలి, పదిహేను నిమిషాలు చాలు. ఆయాసం ఉన్న పిల్లల్ని తీసుకెళ్లొద్దు, ఒకరు బయట ఉండి ఇంకొకరు చూసి రండి. తొట్లు కనిపించేది చుట్టూ ఉన్న తోలు దుకాణాల డాబాల మీద నుంచి. ఇరుకు మెట్లు ఎక్కాలి, పైన పిట్టగోడలు మోకాలెత్తే ఉండే చోట్లున్నాయి. ఫొటో తీసేటప్పుడు ఇంకో చెయ్యి పిల్లాడి మీద ఉండాలి. గుమ్మంలో పుదీనా రెమ్మ ఇస్తారు. నలిపి ముక్కు దగ్గర పెట్టుకోవాలి. డాబా ఎక్కే ముందే "చూడటానికి ఎంత?" అని అడిగి తేల్చుకోండి. కొనకపోతే పది ఇరవై దిర్హాములు ఇచ్చి దిగితే గొడవ ఉండదు. కింద పనిచేసేవాళ్లది ఎంత కష్టమైన పనో పిల్లలకు చెప్పండి. ముక్కు మూసుకుని వాళ్లవైపు వేలు చూపి నవ్వడం ఆ పని చేసేవాళ్లను నొప్పిస్తుంది.

"అటు మూసేశారు, తొట్లకి ఇటు" అంటూ కుర్రాళ్లు వెంటపడతారు. చాలావరకు అటేం మూసి ఉండదు. "లా, షుక్రాన్" (వద్దు, ధన్యవాదాలు) అని ఒకసారి చెప్పి నడక ఆపకండి. ఆగి వాదిస్తే పొడుగుతుంది. మొదటి రోజు సగం పూట గుర్తింపు కార్డు ఉన్న గైడును పెట్టుకోవడం మంచిది. పిల్లలున్నారని, దుకాణాలు వద్దని ముందే చెప్పండి.

తొట్ల నుంచి వెనక్కి వస్తే సఫ్ఫారీన్ చౌక్. రాగి, ఇత్తడి పాత్రలు కొట్టేవాళ్ల చోటు. ఒకరి సుత్తి దెబ్బల మధ్య ఇంకొకరి దెబ్బలు పడుతూ తాళంలా వినిపిస్తుంది. చంటిపిల్లలు బెదురుతారు, పెద్దపిల్లలు కదలరు. ఈ చౌక్ గోడకు అవతలే 859లో ఫాతిమా అల్ ఫిహ్రీ కట్టించిందని చెప్పే ఖరవియ్యీన్ మసీదు, విద్యాపీఠం. తలుపు తెరిచి ఉంటే గుమ్మం బయట నుంచి నడవా కనిపిస్తుంది. సఫ్ఫారీన్ నుంచి ర్సీఫ్‌కి అయిదు నిమిషాలు.

తిండికి పిల్లలతో ఇబ్బంది తక్కువ. పొరలుగా మడిచి పెనం మీద కాల్చే మసెమెన్, వేడి సెఫెంజ్ వడలు, నారింజ రసం దారిలోనే దొరుకుతాయి. శాకాహారులు మాత్రం జాగ్రత్త పడాలి. కుస్కుస్ అంటే ఆవిరి మీద ఉడికించిన గోధుమ రవ్వ. కూరగాయల కుస్కుస్ కూడా చాలాచోట్ల మాంసం ఉడికిన నీళ్లతోనే చేస్తారు. హరీరా చారులోనూ మాంసం ముక్కలుంటాయి. "బ్లా లహమ్" అంటే మాంసం లేకుండా అని. వంకాయ, టమాటా మెదిపిన జాలూక్, బాకలా అనే ఒక రకం చిక్కుడు గింజల చిక్కటి బెస్సారా నమ్మదగినవి. బెస్సారా మీద ఆలివ్ నూనె, జీలకర్ర పొడి వేస్తారు. మన పిల్లలకు వెంటనే నచ్చుతుంది.

బస పాత ఇళ్లలో అయితే బుక్ చేసే ముందు మూడు ప్రశ్నలు అడగాలి: డాబా పిట్టగోడ ఎంత ఎత్తు, నడిమి వాకిట్లో నీటి తొట్టి ఉందా, మెట్లకు పట్టుకునే కమ్మీ ఉందా. టాక్సీ ఆగే చోటి నుంచి సామాను తోపుడుబండి మీద తీసుకెళ్లే మనిషిని పంపమని కూడా వాళ్లకే చెప్పండి.

పిల్లలు విడిపోతే ఏం చేయాలో పెద్దవాళ్లు అనుకుంటారు, పిల్లలకు చెప్పడం మర్చిపోతారు. ఒకే మాట: నడవకూడదు, దగ్గరి దుకాణంలోకి వెళ్లి అక్కడే నిలబడాలి. మీరు వచ్చిన దారినే వెనక్కి వస్తారు కాబట్టి కదలని పిల్లలు త్వరగా దొరుకుతారు. బస పేరు, ఫోన్ నంబరు అరబిక్, ఫ్రెంచిలో రాసిన కార్డు జేబులో పెట్టండి. ఆ ఉదయం వేసుకున్న బట్టలతో ఒక ఫొటో తీసుకోండి. నగరంలో పోలీసు నంబరు 19, అంబులెన్సు 15. ముసలివాళ్లు పిల్లల బుగ్గ నిమరడం, తల ముద్దుపెట్టుకోవడం అక్కడ మామూలే. పిల్లలకు ఇష్టం లేకపోతే మీరు నవ్వుతూ దగ్గరికి తీసుకుంటే చాలు. వీధిపిల్లుల్ని మాత్రం ముట్టుకోనివ్వకండి. మొరాకోలో రేబిస్ ఉంది. గీరినా కరిచినా సబ్బుతో పావుగంట కడిగి అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

మార్చి నుంచి మే, సెప్టెంబరు నుంచి నవంబరు నడవడానికి బాగుంటుంది. జులై, ఆగస్టుల్లో కొన్ని రోజులు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, చలికాలపు వానల్లో వాలు రాళ్లు జారతాయి. శుక్రవారం మధ్యాహ్నం చాలా దుకాణాలు మూస్తారు. చేతిపనులు చూడాలనుకునేవాళ్లకు ఆ రోజు వృథా. చంటిపిల్లలతో ఖాళీ వీధుల్లో నెమ్మదిగా నడవాలనుకునేవాళ్లకు మాత్రం అంతకంటే మంచి రోజు లేదు. రెండో రోజు బస్తీలోకి మళ్లీ దిగకుండా బూ జలూద్ దగ్గరి జ్నాన్ స్బీల్ తోటలో పిల్లల్ని పరిగెత్తనివ్వండి. సోమవారం అది మూసి ఉంటుంది.